ఊరికే కూర్చో

చేయాల్సిందల్లా ఊరికే కూర్చోవడం, ఆపాటి పని కూడా చేతకాకపోతే ఇక మనిషి పుట్టుక పుట్టి ఏం లాభం అనుకుంటూ కుర్చీలో మరోసారి సర్దుకుంది బస్సు డ్రైవరు. కుర్చీ కిర్రుమంది. బల్లకు అవతల కూర్చున్న స్నేహితురాలు పిచ్చుక తలెత్తలేదు. బల్ల మీద ఎర్ర మైనం ముక్కలు, ప్లాస్టరు పొడి, చల్లారి మీగడ కట్టిన రెండు టీ కప్పులు, వాటి మధ్య వెల్లకిలా పడి ఉన్న ఫోను. ఆ ఫోను తీసి పిచ్చుక ఆస్పత్రికి చేయాలి. స్కాన్ తీయించుకోవాలండీ, ఎప్పుడు రమ్మంటారు అని అడగాలి. వాళ్ళు ఏదో ఒక రోజు చెబుతారు. మొత్తం పని ఇంతే. సాయంత్రానికి ఆ కౌంటరు మూసేస్తారు. మూసేస్తే రేపు చేద్దాంలే అంటుంది, రేపన్నది ఈ ఇంటి గడప తొక్కిన దాఖలా ఇంతవరకు లేదు. అందుకే పొద్దున పిచ్చుక తనే పిలిచింది. "ఇవాళ నీకు సెలవు కదా, వచ్చి ఊరికే కూర్చోవే. సలహాలు చెప్పకు. అయిందా అని అడగకు. కూర్చో, చాలు." ఊరికే. ఎంత చిత్రమైన మాట! ఊరికే వచ్చాను, ఊరికే అడిగాను, ఊరికే ఏడుపొచ్చింది. ఊరికే వచ్చిన వాళ్ళెవరూ నిజంగా ఊరికే రారు, ఊరికే అడిగినదే అసలు సంగతి. చిన్నప్పుడు లెక్కల టీచరు బెత్తం చూపించి "ఊరికే కూర్చోలేవుటే నువ్వు?" అనేది. కూర్చోలేకపోయేది. బల్ల కింద కాలు దానంతటదే ఊగేది, ఆ కాలుకు వేరే యజమాని ఎవరో ఉన్నట్టు. ఇప్పుడూ ఊగుతోంది. చేత్తో మోకాలు నొక్కి పట్టుకుంది డ్రైవరు. కాలు ఆగింది, వేలు మొదలెట్టింది.

నిన్న సాయంత్రం దాకా ఆమెకు ఈ సంగతే తెలియదు. నిన్న ఇద్దరూ ఇదే బల్ల దగ్గర పళ్ళ రంగుల గురించి మాట్లాడుకుంటున్నారు. పిచ్చుక పని కట్టుడు పళ్ళు చేయడం. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే వాటి మీద మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు ఒక్కొక్కటే అమర్చి, నోట్లో పెట్టుకుంటే ఇవి పుట్టుకతో వచ్చినవే అనిపించేలా చేస్తుంది. తెలుపులో ఎన్ని తెలుపులో ఆమె దగ్గర చూడాలి. టీ తాగే వాళ్ళ తెలుపు, తాగని వాళ్ళ తెలుపు, నిన్నటి దాకా సిగరెట్లు కాల్చి ఇవాళ మానేసిన వాళ్ళ తెలుపు. "ముసలాయనకి మరీ తెల్లటి పళ్ళు పెడితే నవ్వు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంటుంది" అంటూ అంటూ, ఒక పన్నును దీపానికి ఎత్తి చూస్తూ, "అవును గానీ, డాక్టరమ్మ మొన్న నా రొమ్ములో గడ్డ ఉందని స్కాన్ తీయించుకోమంది, ఈ పన్ను కాస్త పసుపు తిరిగినట్టు లేదూ?" అంది. డ్రైవరు కూడా ముందు పన్ను వంకే చూసింది. లేదే, బాగానే ఉందే అని కూడా అంది. ఆ తర్వాత గడ్డ అన్న మాట వెనక నుంచి వచ్చి వీపు మీద చరిచింది. "మొన్న అంటే ఎప్పుడే?" అని అడిగితే పిచ్చుక కాసేపు ఆలోచించి, "స్వెట్టరు వేసుకుని వెళ్ళాను" అంది. ఇప్పుడు కిటికీలు బార్లా తీసి, ఫ్యాను తిరుగుతున్నా మెడ వెనక చెమట కారుతోంది. వాళ్ళిద్దరి భాషలో మొన్న అంటే అదే. అటు నిన్న కాని ప్రతి రోజూ మొన్నే, ఇటు ఇవాళ కాని ప్రతి రోజూ ఎల్లుండే. మొన్న అనే గోతాంలో పెళ్ళిళ్ళూ చావులూ పళ్ళసెట్లూ గడ్డలూ అన్నీ కలగలిపి పడేసి మూతి కట్టేస్తారు. నిన్న మొదటిసారి ఆ గోతాం చూసి డ్రైవరుకు భయం వేసింది.

కోపం కూడా వచ్చింది, అది వేరే. నాలుగు అంకెలు నొక్కడానికి ఏం రోగం అని నోటిదాకా వచ్చింది. రోగమే కదా మరి అని ఆగిపోయింది. ఆగి, అప్పట్నుంచీ ఒకటే ఆలోచిస్తోంది: లోపల ఎలా ఉంటుంది అది? పిచ్చుకకూ ఫోనుకూ మధ్య ఉన్నదేమిటి? గోడా, గొయ్యా, నిద్రా? బయట నుంచి చూస్తే ఏమీ లేదు, జానెడు బల్ల. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేకపోవడం ఎలా ఉంటుందో తనకు తెలియనిదా? తమ ఇంట్లో స్నానాల గది కుళాయి చెడిపోతే, కారే నీళ్ళ చప్పుడు వినిపించకుండా దానికి గుడ్డ కట్టి, ఆ గుడ్డ కొసను బకెట్లోకి వదిలి, ఎన్నాళ్ళు నెట్టుకొచ్చింది? ప్లంబరు కింది వీధిలోనే ఉంటాడు. రోజూ ఎదురుపడి, "ఏం అక్కా బాగున్నావా?" అనేవాడు, "బాగున్నా తమ్ముడూ" అనేది. ఆ బాగున్నాకు, మా కుళాయి చూడవా అనే ముక్కకు మధ్య ఏదో ఉండేది. ఏమిటది? సిగ్గు కాదు, బద్ధకం అసలే కాదు. బద్ధకమైతే హాయిగా ఉండాలి కదా, దీన్ని పొద్దస్తమానం రాయిలా మోసేది. ఆ మాట చెప్పడానికి ముందు ఇంకేదో చెప్పాలి, దానికి ముందు ఇంకేదో చేయాలి, దానికి ముందు... మెట్ల మీద మెట్లు, మొదటి మెట్టే కనబడదు. చివరికి ఊరి నుంచి వదిన వచ్చి, బకెట్టు చూసి, గుడ్డ చూసి, తన మొహం చూసి, కిటికీలోంచి ఆ కుర్రాణ్ణి కేకేసింది. టీ మరిగేలోపు అయిపోయింది. తను మాత్రం లోపలికి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లోనే ఉంటున్న వదినకు ఇప్పటికీ తెలియదు ఎందుకో. తనకూ సరిగా తెలియదు.

పిచ్చుక లేచింది. డ్రైవరు చూపు ఫోను మీద వాలింది. పిచ్చుక ఫోను పక్కనుంచి చెయ్యి చాపి కప్పులు రెండూ తీసుకుని లోపలికి వెళ్ళింది. కప్పులు కడుగుతున్న చప్పుడు, తర్వాత ఇంకేవో గిన్నెలు, ఆ తర్వాత కుండీకి నీళ్ళు పోస్తున్న చప్పుడు. వెళ్ళిన మనిషి చేతిలో గొడుగు పట్టుకుని తిరిగొచ్చింది. ఎందుకు తెచ్చిందో ఇద్దరికీ తెలియదు. గొడుగును గోడకు ఆనించి, మళ్ళీ కూర్చుని, చిన్న కత్తితో మైనం చెక్కడం మొదలెట్టింది. డ్రైవరు గొడుగు వంక చూసింది, నోరు తెరిచింది, మూసుకుంది. అడగకూడదు. ఎవరైనా అడిగితే పారిపోతుంది పని, పిల్లిని పట్టుకోబోతే పారిపోయినట్టు. ఇంతకు ముందు ఇదే వరసలో ఒకరి కోసం ఒకరు ఎన్నిసార్లు కూర్చోలేదు! డ్రైవరు మంచం మీద బట్టల గుట్ట కొండంతై, మనిషి పడుకోవడానికి ఒక ఒడ్డు మాత్రమే మిగిలిన రోజుల్లో పిచ్చుక తన పళ్ళ డబ్బా తీసుకుని వచ్చి ఆ గదిలో ఒక మూల కూర్చునేది. ఒక్క చొక్కా ముట్టుకునేది కాదు, ఒక్క మాట అనేది కాదు. తన పని తను చేసుకునేది. అటు కత్తి గీస్తున్న చప్పుడు వింటూ ఉంటే ఇటు చేతులు వాటంతటవే మడతలు పెట్టేవి. ఏమిటి దీని మర్మం? ఒక మనిషి శ్వాస గదిలో ఉంటే చాలా? ఏ మనిషైనా చాలా? వదిన కూర్చుంటే కుదరదు, వదిన కూర్చుంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టే. వదిన మంచిది, వెన్నలాంటిది, కానీ ఆమె మౌనం కూడా ఏదో అడుగుతున్నట్టుంటుంది. పిచ్చుక మౌనం ఏమీ అడగదు. దాని మౌనంలో దాని గొడవలు దానికే సరిపోతాయి.

వాళ్ళ స్నేహం మొదలైందే ఒక నవ్వుతో. బస్సు చివరి స్టాపులో ఆగాక, వెనక సీటులో ఒక డబ్బా కనిపించి కండక్టరు మూత తీసి కెవ్వుమన్నాడు. లోపల పై వరసా కింది వరసా, గులాబీ చిగుళ్ళతో సహా ఒక పూర్తి నవ్వు. మనిషి లేడు, నవ్వు ఉంది. డ్రైవరు దాన్ని చేతిలోకి తీసుకుని ఎంతసేపు చూసిందో! వెనక బస్సు హారను కొడితే గానీ ఈ లోకంలోకి రాలేదు. డబ్బా మీద చిరునామా చూసుకుని, డ్యూటీ దిగాక వెతుక్కుంటూ ఈ మెట్లెక్కి వచ్చింది. తలుపు తెరిచిన మనిషి జుట్టు నిండా ప్లాస్టరు పొడి, కళ్ళు వాచి ఉన్నాయి. డబ్బాను గుండెకు హత్తుకుని, "మీరెవరో గానీ, ఈ నవ్వుతో రేపు ఒక పెద్దాయన మనవరాలి పెళ్ళిలో నవ్వాలండీ" అంది. రండి అంది. టీ పెడతానంది. టీ పెట్టి, దాన్ని పొయ్యి మీదే మర్చిపోయి, పిచ్చుకలు ఇప్పుడు ఎందుకు కనబడ్డం లేదో చెప్పింది, చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ తనను ఒక్క చోట నిలవదని పిచ్చుకా అని పిలిచేదని చెప్పింది, నాయనమ్మ నుంచి మోకాళ్ళ నొప్పులకు, మోకాళ్ళ నుంచి బస్సు క్లచ్చికి వచ్చి, క్లచ్చి తొక్కితే మోకాలు నొప్పి పుట్టదా అని అడిగింది. డ్రైవరు జవాబు చెబుతూ చెబుతూ ఏనుగుల మోకాళ్ళ దాకా వెళ్ళింది. ఏనుగుల దగ్గర పిచ్చుక ఆమెను కలుసుకుంది. లోపల టీ మాడి గిన్నె నల్లబడింది. ఆ వాసనకు ఇద్దరూ ఒకేసారి "అయ్యో" అని ఒకేసారి లేచి, గుమ్మంలో ఒకరికొకరు ఢీకొన్నారు. జీవితంలో మొదటిసారి డ్రైవరుకు, మాట మధ్యలో ఎక్కడున్నామో గుర్తుపెట్టుకోనక్కర్లేదనిపించింది. ఇతరులతో మాట్లాడటమంటే పక్క వీధుల్లోకి తిరగకుండా ఒకే రోడ్డు మీద బండి నడపడం. పళ్ళు బిగపట్టి నడిపేది. ఇక్కడ వీధులన్నీ ఒకే చౌరస్తాకు చేరుతున్నాయి.

దీనికి ఒక పేరు ఉందని చెప్పింది కూడా పిచ్చుకే. అప్పటికి తను ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళి తెలుసుకుంది. "ఏడీహెచ్‌డీ అట. ధ్యాస లేకపోవడం కాదట, ఉన్న ధ్యాస మన మాట వినకపోవడమట." డ్రైవరు నవ్వేసి, "అది పిల్లల జబ్బు కదే" అంది. "ఆ పిల్లలు పెద్దవాళ్ళవరా ఏమిటి? ఆరో క్లాసులో వదిలేసి వెళ్ళిపోతుందా, టాటా చెప్పి?" అంది పిచ్చుక. డ్రైవరు ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఎన్నిసార్లు రోజు తీసుకుని ఎన్నిసార్లు తప్పిందో, ఆఖరికి ఆ డాక్టరే నవ్వి, మీరు రాకపోవడంతోనే నాకు సగం అర్థమైందమ్మా అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. సంతోషం కాదు, దుఃఖమూ కాదు. లెక్కల టీచరు ఎక్కడుందో, ఉందో లేదో. నాన్న ఎలాగూ లేడు. "దీనికి బుర్ర ఉంది, బుద్ధి లేదు" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్న నాన్న. ఎవరికని వెళ్ళి చెప్పాలి? బుద్ధి ఉంది నాన్నా, కాకపోతే అది బస్సులో ఉంది. నిజం, స్టీరింగు పట్టుకుంటే ఆమెకు కుదురొస్తుంది. అద్దాలు, హారన్లు, అడ్డొచ్చే సైకిళ్ళు, ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, బ్రేకు. లోకమంతా ఒకేసారి ధ్యాస అడుగుతుంటే ఆమె ధ్యాసకు అదే చాలినంత తిండి. దిగి ఇంటికొస్తే, నిశ్శబ్దంలో, ఆకలేసిన కోతిలా గదంతా గెంతుతుంది.

పిచ్చుక ఫోను తీసింది. నిజంగానే తీసింది. బొటనవేలు అద్దం మీద ఆనింది. డ్రైవరు చూడకూడదనుకుంటూనే చూసింది, కళ్ళతో తోసేంత గట్టిగా చూసింది, చెయ్యవే, నొక్కవే తల్లీ. పిచ్చుక మెడ మీద నరం కదిలింది. ఫోను మళ్ళీ బల్ల మీదకు దిగింది, ఈసారి బోర్లా.

"ఇలా ఇవ్వు, నేను చేస్తా" అంది డ్రైవరు. అనకూడదని తెలిసి అంది.

"వద్దు."

"పేరు చెప్పి అడగడమేగా. నీ గొంతులో మాట్లాడతాను."

"వద్దన్నానా? ఇదివరకు అక్క చేస్తానంది. మా ల్యాబులో బాస్ చేస్తానన్నాడు. అందరూ చేసేస్తే ఇక నేనెందుకే, నన్ను కూడా ఎవరో ఒకరు బతికేస్తారు." మైనం కత్తి పక్కన పెట్టి, గొంతు తగ్గించి అంది, "చేస్తాను. నువ్వు ఊరికే కూర్చో."

ఊరికే. సరే. డ్రైవరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కూర్చోలేకపోతే కనీసం వీపైనా చూపిద్దాం అనుకుంది. కిటికీ చువ్వ వేడిగా ఉంది. నన్ను కూడా ఎవరో ఒకరు బతికేస్తారు. ఎంత మాట అంది! కోపంలో కూడా దాని నోట మంచి మాటలే వస్తాయి. ఈ గడ్డ చెడ్డదైతే? చెడ్డదై, ఈ మొన్నలన్నీ కలిసి ఆలస్యమైపోయి ఉంటే? ఆ ఆలోచన రాగానే దాని వెనకే ఇంకొకటి వచ్చింది, ఎవరికీ చెప్పుకోలేనిది. కంటికి కనబడని మనుషులు తన బుర్రలో ఉండరు. ఉంటారు, కానీ మూతపెట్టిన గిన్నెలో ఉన్నట్టు. ఒకసారి వానలు మొదలైనప్పటి నుంచి మళ్ళీ వానలు మొదలయ్యేదాకా తనూ పిచ్చుకా ఒక్క మాట మాట్లాడుకోలేదు. తగాదా లేదు, ఏమీ లేదు. పిచ్చుక ఏదో పిల్లి బొమ్మ పంపితే, తను మనసులోనే చక్కటి జవాబు కూర్చుకుని, నవ్వుకుని, పంపేశాననే అనుకుంది. జవాబు రాలేదేమని పిచ్చుక అనుకోలేదు, ఎందుకంటే పిల్లి బొమ్మ పంపిన సంగతే దానికి గుర్తు లేదు. తర్వాత ఒకనాడు బస్సెక్కి, డ్రైవరు సీటు వెనక చువ్వ పట్టుకుని, "అయితే ఏనుగుకి నిజంగానే నాలుగు మోకాళ్ళుంటాయంటావా?" అని అడిగింది, ఆ మాట నిన్న ఆగినట్టు. ఇంకొకరైతే? చిన్ననాటి స్నేహితురాలు ఒకతి ఉండేది, కవల పిల్లల్లా తిరిగారు. ఆమె ఒక రోజు, "నేను ఎదురుగా ఉంటేనే నీకు నేనున్నాను" అని చెప్పి, తర్వాత ఎదురుగా రావడం మానేసింది. ఆమె అన్నది అబద్ధం కాదు. అదే ఇప్పుడు డ్రైవరు గుండెను మెలిపెడుతోంది. పిచ్చుక పోతే, తన బుర్రకు తేడా తెలుస్తుందా? ఈ మధ్య కనబడలేదు, ఒకసారి వెళ్ళాలి అనుకుంటూ ఉంటుందా ఎప్పటికీ? చెప్పాలనిపించిన ముక్కలు మనసులోనే చెప్పేసి, పంపేశాననుకుని, జవాబు రాలేదని కూడా అనుకోకుండా, అలా ఏళ్ళకేళ్ళు? పోయిన మనిషితో స్నేహం చేస్తూ ఉండిపోతుందా? అది మరీ దారుణమా, లేక అదొక వరమా? ఏమో. చువ్వ పట్టుకున్న చెయ్యి కాలుతున్నా తీయలేదు.

ఎదురు భవనంలో ఎవరో ఇల్లు మారుతున్నారు. కింద ట్రాలీ ఆగి ఉంది. ఇనుప బీరువా ఒకటి మెట్ల మలుపు తిరగక, నలుగురు మనుషులు దానికి తాళ్ళు కట్టి బయట నుంచే పైకి లాగుతున్నారు. పై బాల్కనీలో ఇద్దరు లాగుతుంటే కింద ఇద్దరు అడుగు నుంచి ఎత్తుతున్నారు. వాళ్ళ పక్కన బట్టతల ఆయన "నిదానం, నిదానం" అంటున్నాడు, ఆయన చెయ్యి కూడా వేయలేదు, బీరువా ఆయనదై ఉంటుంది. బీరువా గాల్లోకి లేచింది. లేచి, మెల్లగా తన చుట్టూ తను తిరగడం మొదలెట్టింది. అద్దం ఉన్న తలుపు ఇటు తిరిగినప్పుడల్లా వీధి మొత్తం అందులో ఊగింది, ఆకాశం, తీగలు, ఎదుటి కిటికీలు, ఆ కిటికీల్లో ఒకదాంట్లో తను కూడా ఉండి ఉండాలి. ఎంత బరువుంటుంది? తాడు దేనితో చేసినది? నైలానైతే సాగుతుంది, సాగితే కుదుపు. తాళ్ళు రెండే వేశారు, రెండూ పైనుంచే. కింద నుంచి ఒక తాడు కట్టి పక్కకు లాగి పట్టుకుంటే తిరగదు, ఆ మాత్రం తెలియదా? వెనక పిచ్చుక సన్నగా ఏదో మాట్లాడుతోంది. పని చేసేటప్పుడు పళ్ళతో మాట్లాడటం దానికి మామూలే, నువ్విటు జరుగు, నువ్వు కాస్త ఒదుగు అంటూ. బీరువా రెండో అంతస్తు దాటింది. బాల్కనీ చట్రానికి బీరువా కాలు తగిలి ఠంగుమంది. బట్టతల ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆయన ముందు కళ్ళు మూసుకుని తర్వాత చెవులు మూసుకోవడం భలే ఉంది, పడితే వినబడకూడదని కాబోలు. పైన ఉన్న పొడుగాటి మనిషి ఒక కాలు గోడకు తన్నిపెట్టి వెనక్కి వాలాడు, వాడి జబ్బ కండ ఇక్కడికి కనబడుతోంది. అద్దం ఇటు తిరిగింది. అటు తిరిగింది. ఇంకొక్క మూర. డ్రైవరు భుజాలు పైకి లేచాయి, అక్కడ లేని బ్రేకును కాలు తొక్కుతోంది. ఇంకొక్క జాన. అంచు దొరికింది. నలుగురూ ఒక్క గొంతుతో ఏదో అరిచారు, బీరువా వంగి, ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియనట్టు ఆగి, లోపలికి ఒరిగి మాయమైంది. వీధిలో ఆగి చూస్తున్న వాళ్ళెవరో చప్పట్లు కొట్టారు. డ్రైవరు కూడా కొట్టింది.

"ఎక్కించేశారే! ఒక్క గీత పడలేదు" అంటూ వెనక్కి తిరిగింది.

పిచ్చుక రెండు చేతులూ బల్ల మీద పరిచి కూర్చుని ఉంది. మొహం పాలిపోయి, పెదాల చుట్టూ చెమట. ఫోను ఒళ్ళో ఉంది.

"చేశాను" అంది.

"ఏం చేశావ్?"

"ఫోను."

డ్రైవరుకు అర్థం కావడానికి సమయం పట్టింది. "ఎప్పుడే?"

"నువ్వు ఆ బీరువాని ఎక్కిస్తున్నప్పుడు."

డ్రైవరు కుర్చీలో కూలబడింది. సంతోషం రావాలి, వచ్చింది కూడా, కానీ దాని మీద సిగ్గు వచ్చి కూర్చుంది. దేనికోసం వచ్చింది తను? ఈ ఒక్క నిమిషం కోసమే కదా, దీనికి తోడుగా ఉండటానికే కదా. సరిగ్గా ఆ నిమిషంలో తను ఊళ్ళోవాళ్ళ బీరువాతో గాల్లో ఉంది. "నేను విననే లేదే. దగ్గరుండీ లేను. క్షమించవే" అంది.

పిచ్చుక ఆమె వంక వింతగా చూసింది. ఒక కొత్త సంగతి కనుక్కున్న మనిషిలా ముందుకు వంగింది. "కాదే. నువ్వు చూస్తున్నంతసేపూ నాకు చెయ్యి రాలేదు. నువ్వు చూడ్డం మానేశావ్, వచ్చింది."

"అలాంటప్పుడు నేనెందుకు? ఒక్కదానివే చేసుకోవచ్చుగా."

"ఒక్కదాన్నే ఉంటే ఆ కిటికీ దగ్గర నేనే నించుని బీరువా చూసేదాన్ని. అక్కడ నువ్వున్నావ్. నాకు చోటు లేదు. ఇక ఫోనే మిగిలింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందెవరు నవ్వారో తెలియదు. నవ్వి నవ్వి పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటుంటే అది నవ్వు కాకుండా పోయింది. డ్రైవరు లేచి వెళ్ళి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. జుట్టులో ప్లాస్టరు పొడి. చెయ్యి కింద ఎముకలు చిన్నవిగా, వేడిగా, వేగంగా ఊపిరి తీస్తూ. ఇదీ తోడంటే అనుకుంది డ్రైవరు ఆశ్చర్యంగా, ఇద్దరూ ఒకే చోటికి చూడనక్కర్లేదన్నమాట, ఒకరి ధ్యాస అటు పోయినప్పుడు ఇంకొకరిది ఇటు వాలుతుందన్నమాట. నిజమో కాదో. రేపు ఎవరైనా డాక్టరును అడగాలి. మర్చిపోతుంది.

"ఎప్పుడు రమ్మన్నారు?"

"రేపే. పొద్దున్నే. ఎవరో రానన్నారట, ఆ చోటు ఖాళీ ఉంది, ఒంటికి పౌడరు రాసుకోకుండా రమ్మన్నారు." పిచ్చుక ముక్కు ఎగబీల్చింది. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా అంటుందనుకున్నా ఆ కౌంటరమ్మాయి. అనలేదు. నీ వయసెంత అంది, అంతే. నాకు వయసు గుర్తు రాలేదే. పుట్టిన సంవత్సరం చెప్పి, మీరే తీసేసుకోండి అన్నా."

"నవ్విందా?"

"నవ్వింది." వేళ్ళ మధ్య మైనం ఉండ చేస్తూ, తలెత్తకుండా అడిగింది, "భయంగా ఉంది. రేపు వస్తావా?"

వస్తా అనబోయింది డ్రైవరు. నోట్లో ఆ మాట ఉంది, నాలుక చివరనే ఉంది, వెచ్చగా, తియ్యగా, నిజంగా. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పిందో ఆ మాట, ప్రతిసారీ అంతే నిజంగా చెప్పింది. రేపు పొద్దున అలారం మోగుతుంది, నిద్రలోనే ఆపేస్తుంది. లేదా లేస్తుంది, లేచి చెప్పులు వెతుకుతుంటే మంచం కింద చిన్నప్పటి ఫోటో ఒకటి దొరుకుతుంది. ఆ దారంతా ఇక్కడి నుంచే కనబడుతోంది, ప్రతి మలుపూ, ప్రతి గుంటా. రేపటి తన మీద ఆమెకు నమ్మకం లేదు. ఇప్పటి తన మీద మాత్రం, ఈ కుర్చీలో, ఈ చెమటలో, ఈ మనిషి పక్కన ఉన్న తన మీద ఉంది.

ఫోను తీసి ముందు డిపోకు చేసింది, రేపటి డ్యూటీ ఇంకొకరికి మార్చమంది. ఆ వెంటనే, ఇంకేదీ గుర్తొచ్చేలోపు, ఇంటికి చేసింది.

"వదినా, ఇవాళ నేను రాను. పిచ్చుక దగ్గరే ఉంటా. రేపు పొద్దున్నే దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

అవతల వదిన గొంతు, "ఏ వేళకి లేపమంటావో చెప్పు. ఇద్దరికీ చేస్తాను, ఒకరు ఎత్తేదాకా చేస్తాను."

వేళ చెప్పి పెట్టేసింది. పిచ్చుక నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఉండిపోతావా? ఎందుకే, దూరమేం లేదుగా. రేపు రావచ్చుగా?"

"రావాలంటే వెళ్ళాలి కదే" అంది డ్రైవరు, చేతిసంచి తలుపు దగ్గర నుంచి తీసుకొచ్చి మంచం మీద పడేస్తూ. "వెళ్ళను. ఇంకో దిండు ఉందా?"